గేమింగ్ పీసీ - బాబాయ్ పెట్టిన షరతు

మన ఇళ్ళల్లో ఆటల కోసం కంప్యూటర్ ఎవరూ కొనరు. చదువు కోసమే కొంటారు. ఆటలు తర్వాత వాటంతటవే మొలుస్తాయి. 2000ల్లో ఎంసెట్ ర్యాంకు రాగానే ఇళ్ళల్లోకి దిగిన అసెంబుల్డ్ కంప్యూటర్లన్నీ 'సీ లాంగ్వేజ్ ప్రాక్టీసు' పేరు చెప్పుకునే దిగాయి. వాటిల్లోకి వైస్ సిటీ ఎవరు ఎక్కించారో మాత్రం ఏ తండ్రికీ ఈరోజు వరకూ తెలీదు :)

ఇప్పుడు సీ లాంగ్వేజ్ స్థానంలో ఏఐ వచ్చింది. మిగతాదంతా మామూలే.

నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. రాసేది జావా. కానీ మా చుట్టాల లెక్కలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరంటే కంప్యూటర్‌కి వచ్చే సమస్త రోగాలకీ వైద్యుడు. ప్రింటర్లో కాగితం ఇరుక్కున్నా నాకే ఫోను, వైఫై రాకపోయినా నాకే ఫోను. అందుకని 2025 వేసవిలో మా పిన్ని కొడుకు "అన్నయ్యా, గేమింగ్ పీసీ కట్టుకుందామనుకుంటున్నా, పార్టులు నువ్వే చెప్పాలి" అన్నప్పుడు నాకేం ఆశ్చర్యం వెయ్యలేదు. వాడు అప్పుడే బీటెక్ రెండో సంవత్సరం పూర్తిచేశాడు. ఉండేది తెనాలిలో. కాలేజీ బస్సెక్కి గుంటూరు వైపు వెళ్ళొస్తాడు. బాబాయ్‌కి మోటార్ల వైండింగ్ షాపు. బడ్జెట్ లక్ష రూపాయలు, మానిటర్‌తో సహా.

లక్ష అంటే నాలాంటివాడు కార్డు గీకి ఈఎంఐలో పెట్టేసే మొత్తం. బాబాయ్‌కి అలా కాదు. ఎండాకాలంలో బోర్ల మోటార్లు కాలిపోయి వరసపెట్టి షాపుకి వస్తే, రాగితీగ ఖర్చూ, పనికుర్రాడి జీతం పోనూ మిగిలే డబ్బది. ఈ టపా పార్టుల గురించే అయినా, డబ్బు ఎవరిదో మాత్రం మనసులో పెట్టుకుని చదవండి.

వాడు ఫోన్లో ఇంకో మాట కూడా అన్నాడు. "నాన్నతో మాత్రం మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టుకని చెప్పు. నువ్వు చెబితే నమ్ముతాడు."

నేను చెప్పనన్నాను. నాదేదో హరిశ్చంద్రుడి వంశమని కాదు. అవసరం దగ్గరే అబద్ధం ఆడితే ఆ తర్వాత లెక్కంతా తప్పిపోతుంది. నిజంగా మెషీన్ లెర్నింగే కావాలంటే నేను చెప్పే పార్టులు వేరు. నేర్చుకునేవాడికి దొరికే పాఠాలూ లైబ్రరీలూ ఎక్కువభాగం ఎన్విడియా వాళ్ళ క్యూడా మీద నడుస్తాయి. కాబట్టి ఎన్విడియా కార్డు, అందులోనూ ఉన్న డబ్బుకి ఎంత ఎక్కువ మెమరీ వస్తే అంత. మానిటర్ 60 హెర్ట్జ్‌దైనా చాలు. ఆటలకైతే మానిటర్ సగం ప్రాణం. కార్డు ఏఎండీదా ఎన్విడియాదా అన్నది కాదు, పెట్టిన రూపాయికి ఎన్ని ఫ్రేములిస్తుందన్నదే లెక్క. నాన్నకి చెప్పిన అవసరం ఒకటి, మనసులో ఉన్నది ఇంకోటి అయితే రెండిటికీ సరిపోని డబ్బా ఒకటి తయారవుతుంది. ఏం కావాలో క్లయింటు సరిగ్గా చెప్పని ప్రాజెక్టులు ఎలా తగలడతాయో మా ఆఫీసులో రోజూ చూస్తూనే ఉన్నాను.

అదీగాక, అలా కొన్న దాన్ని అయిదేళ్ళపాటు దొంగచాటుగా వాడుకోవాలి. తలుపు చప్పుడైనప్పుడల్లా ఆల్ట్ ట్యాబ్ నొక్కుకుంటూ ఆడితే అదేం ఆట చెప్పండి?

వాడు అలిగి రెండ్రోజులు మాట్లాడలేదు. మూడోరోజు వాడే వాళ్ళ నాన్నకి ఉన్నదున్నట్టు చెప్పేశాడట. ఆ సాయంత్రం బాబాయ్ ఫోన్.

"ఏరా, ఆడుకోడానికి లక్షా?"

"అవును బాబాయ్, ఆడుకోడానికే. చదువుకి వాడి దగ్గరున్న లాప్‌టాప్ చాలు."

కాసేపు అవతల్నుంచి షాపులో సుత్తి చప్పుడు తప్ప ఏం వినపడలేదు. తర్వాత "ఎన్నేళ్ళొస్తుంది?" అన్నాడు.

"సరిగ్గా కొంటే అయిదారేళ్ళు. మధ్యలో ఒక్క పార్టు మార్చుకోవాల్సి రావచ్చు."

"సరే. వాడు నిజం చెప్పాడు కాబట్టి ఒప్పుకుంటున్నా. కానీ ఒక్కటి, ఏ పార్టు ఎందుకు కొంటున్నారో నాకు అర్థమయ్యేట్టు చెప్పి కొనండి. అర్థంకాని దానికి నేను డబ్బివ్వను."

పార్టులు ఎంచుకోడానికి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు ఏ యూట్యూబ్ వీడియోలోనూ కనపడలేదు. నిజం.

ఇక కొటేషన్ సంగతి. వాడు అప్పటికే ఓ షాపులో రాయించుకున్న కాగితం నాకు వాట్సాప్‌లో పంపాడు. ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 1 టీబీ ఎస్సెస్డీ, 8 జీబీ గ్రాఫిక్స్, 600 వాట్స్ ఎస్ఎంపీఎస్, లైట్లున్న క్యాబినెట్, ఆరు ఫ్యాన్లు. చూడ్డానికి పెళ్ళి భోజనం మెనూలా ఉంది.

ఐ7 సరే, ఏ ఐ7? ఇంటెల్ ఆ పేరు 2008లో మొదలుపెట్టింది. 2012లో వచ్చిన 3770 కూడా ఐ7నే. దానికి నాలుగు కోర్లు. 2022 జనవరిలో వచ్చిన ఐ3-12100కీ నాలుగే, కానీ దాని ముందు ఆ పాత ఐ7 నిలబడలేదు. పైగా మావాడు ఎక్కువ ఆడేది వాలరెంట్. విండోస్ 11లో అది నడవాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ ఉండాలి. అంత పాత మెషీన్ మీద ఆ ముచ్చట తీరదు. విండోస్ 10తో సర్దుకుందామన్నా దానికి సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోతుందని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది, అలాగే ఆగిపోయింది కూడా.

8 జీబీ గ్రాఫిక్స్ అంటే ఏ కార్డు? 2016లో వచ్చిన ఆర్ఎక్స్ 480కీ 8 జీబీనే, 2025 మేలో వచ్చిన ఆర్టీఎక్స్ 5060కీ 8 జీబీనే. రెండిటి మధ్యా తొమ్మిదేళ్ళ తేడా ఉంది.

కొటేషన్ చదవడానికి నా సూత్రం ఒక్కటే. కంపెనీ పేరూ మోడల్ నంబరూ లేని లైను దగ్గర ఆగండి, మీ డబ్బు కారిపోయేది అక్కడే. అలాగని షాపాయన్ని తిట్టబుద్ధి కాదు. వచ్చిన ప్రతివాడూ "ఐ7 ఉందా, లైట్లున్నాయా" అని అడుగుతుంటే ఆయన మాత్రం ఇంకేం రాస్తాడు?

అసలు మొదలుపెట్టాల్సింది ప్రాసెసర్ దగ్గర కాదు, తెర దగ్గర. 1080పీ తెర మీద దాదాపు 20.7 లక్షల చుక్కలుంటాయి. 1440పీలో 36.9 లక్షలు. 4కేలో 82.9 లక్షలు, అంటే 1080పీకి సరిగ్గా నాలుగు రెట్లు. గ్రాఫిక్స్ కార్డు ప్రతి ఫ్రేముకీ ఇన్ని చుక్కలకి రంగులు లెక్కకట్టాలి. సెకనుకి 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకి దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లు. 144 కావాలంటే 6.9 మాత్రమే. కాబట్టి ఏ తెర, ఎన్ని ఫ్రేములు అన్నది తేలితే కార్డు తేలిపోతుంది. కార్డు తేలితే ప్రాసెసర్, ఆ రెండూ తేలితే పవర్ సప్లై. మనవాళ్ళు దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు ఐ7 కొని, మిగిలిన డబ్బుతో కార్డు కొని, ఇంకా ఏమైనా మిగిలితే ఎస్ఎంపీఎస్. తెర మాత్రం పాతదే!

మేం 27 అంగుళాల 1440పీ తెర అనుకున్నాం. దానికి 2025 జూన్‌లో వచ్చిన ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ, 16 జీబీది. మొత్తం డబ్బులో మూడోవంతు పైన దీనికే పోయింది. ఇదే కార్డు 8 జీబీతో ఇంకా తక్కువకి వస్తుంది. మావాడు అది చాలన్నాడు, మిగిలిన డబ్బుతో లైట్లు పెట్టుకోవచ్చని. మరి 16 ఎందుకో బాబాయ్‌కి చెప్పాలి కదా? ఇలా చెప్పాను: "షాపులో చేతికందే అరలో ఉన్న సామాను వెంటనే తీస్తారు. అర నిండిపోయి మిగతాది ఇంట్లో పెడితే ప్రతిదానికీ ఇంటికెళ్ళి రావాలి. పని ఆగుతుంది." లెక్కలో చెప్పాలంటే ఆ కార్డు తన సొంత మెమరీతో సెకనుకి 320 గిగాబైట్లు మాట్లాడుకోగలదు. మెమరీ నిండిపోయి మదర్‌బోర్డు దారిలో మామూలు ర్యామ్ దగ్గరికి వెళ్ళాల్సొస్తే, మేం తీసుకున్న బోర్డులో ఆ దారి వెడల్పు దాదాపు 32. పదోవంతు. ఆట బాగానే నడుస్తూ నడుస్తూ మలుపు తిరగ్గానే గుటకలు మింగుతుందే, దానికి ఒక ముఖ్యకారణం ఇదే. సగటు ఫ్రేములు చూస్తే ఇది బయటపడదు. రివ్యూల్లో '1 శాతం లో' అని ఇంకో అంకె ఇస్తారు, అన్నిటికన్నా నెమ్మదిగా వచ్చిన ఫ్రేముల సంగతి. నేను ముందు దాన్నే చూస్తాను.

లాప్‌టాప్ ఎందుకు కాదని కూడా అడిగాడు బాబాయ్. మంచి ప్రశ్న. వాడు హాస్టల్లో ఉంటే నేనూ లాప్‌టాపే చెప్పేవాణ్ణి. కానీ లాప్‌టాపుల్లో పేరు చూసి కొనడానికి లేదు. ఆర్టీఎక్స్ 4060 లాప్‌టాప్ కార్డునే తీసుకోండి. తయారుచేసే కంపెనీ ఇష్టాన్నిబట్టి దానికి 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతైనా ఇవ్వొచ్చు. పేరొకటే, పని వేరు. "ఒకే హెచ్‌పీ ప్లేటు కొట్టి లోపల తీగ తక్కువ చుట్టినట్టు" అన్నాడు బాబాయ్. అంతే కదా మరి!

ప్రాసెసర్ రైజెన్ 5 7600. ఆరు కోర్లు. కూలర్ డబ్బాలోనే వస్తుంది. ఇందులో చిన్న గ్రాఫిక్స్ కూడా ఉంది. దాంతో ఆటలు ఆడలేం కానీ, రేపు కార్డు వారంటీకి పంపితే తెర చీకటైపోదు. దీని సాకెట్ పేరు ఏఎం5, 2022లో వచ్చింది. 2027 దాకా, ఆ తర్వాత కూడా దీనికి సపోర్టు ఇస్తామని ఏఎండీ ప్రకటించింది. అంటే నాలుగేళ్ళ తర్వాత బోర్డు మార్చకుండా ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలుంటుంది. 'ఫ్యూచర్ ప్రూఫ్' అన్న మాట నాకు గిట్టదు. భవిష్యత్తుని ఇప్పుడే కొనేసి బీరువాలో దాచుకోలేం. మార్చుకునే వీలు మాత్రం కొనుక్కోవచ్చు, అది చవక కూడా.

ఇప్పుడు అసలైన పార్టు. ఎస్ఎంపీఎస్ అని మనం పిలిచే పవర్ సప్లై. మావాడికి దీనిమీద బొత్తిగా ఆసక్తి లేదు. ఎంత మంచిది కొన్నా ఒక్క ఫ్రేము కూడా పెరగదు మరి. బాబాయ్ మాత్రం సరిగ్గా ఇక్కడే లేచి కూర్చున్నాడు. "ఒరేయ్, నా దగ్గరికొచ్చే మోటార్లలో సగం మోటారు తప్పువల్ల కాలినవి కావు. కరెంటు తప్పువల్ల కాలినవి" అని వాడికి క్లాసు పీకాడు. నాకు పని తగ్గింది.

చూసుకోవాల్సినవి రెండు. మొదటిది లేబుల్ మీద 12 వోల్టుల దగ్గర రాసిన ఆంపియర్లు. వాటిని 12తో గుణించండి. నిజమైన 600 వాట్ల సప్లై అయితే 49, 50 ఆంపియర్లు ఉండాలి. 30 అని ఉంటే అది 360 వాట్ల సరుకు, పైన ఏం అచ్చేసినా సరే. రెండోది, 80 ప్లస్ అన్న ముద్ర. అది మంచిదే, కానీ అది చెప్పేది కరెంటు ఎంత వృథా కాకుండా మారుస్తుందన్నదే. వోల్టేజీ ఎగిరినప్పుడు మీ కార్డుని కాపాడుతుందని ఆ ముద్ర హామీ ఇవ్వదు. అందుకే ముద్రతో ఆగకుండా ఆ మోడల్‌ని విప్పి చూసిన రివ్యూ చదవాలి. మా కార్డు తినేది 160 వాట్లు, ప్రాసెసర్ ఎంత తిన్నా 88 లోపు. మిగతావి కలుపుకున్నా 450 వాట్ల సప్లై చాలు. కానీ రేపు ఇంకాస్త పెద్ద కార్డు పెట్టినా సరిపోవాలని పేరున్న 650 వాట్లది తీసుకున్నాం.

అన్నట్టు ఎర్తింగ్. మీ ఇంట్లో సీపీయూ ఇనప డబ్బాకి వేలు తగిలిస్తే జివ్వుమంటుందా? చాలా ఇళ్ళల్లో అంటుంది, అలవాటైపోయి ఊరుకుంటాం. పవర్ సప్లైలో కరెంటు రొదని వడకట్టే కెపాసిటర్లు ఆ కాస్త కరెంటుని ఎర్తు తీగలోకి పంపుతాయి. ఎర్తు లేకపోతే అది డబ్బాకే అంటిపెట్టుకుని ఉంటుంది, మనం తాకితే మన గుండా పోతుంది. బాబాయ్ ఒక ఆదివారం టెస్టర్ పట్టుకుని ఆ గది ప్లగ్గు చూసి, ఎర్తు తీగ ఊడి ఉందని తేల్చి, కొత్తది లాగాడు. లక్ష రూపాయల కొనుగోలులో అన్నిటికంటే విలువైన పని అదేనని నా అభిప్రాయం. ఖర్చు కొన్ని వందలు.

యూపీఎస్ కూడా ఆయనే చూసుకున్నాడు. దానిమీద రాసే అంకె వీఏ, వాట్లు కాదు. మామూలుగా దొరికే 600 వీఏది దాదాపు 360 వాట్లే మోస్తుంది. ఆట మధ్యలో మానిటర్‌తో కలిపి మాది 300 దాటుతుంది. అంచు మీద నడపడం ఎందుకని 1000 వీఏది పెట్టాడు.

ఇంక ఎండ. రివ్యూలు రాసేవాళ్ళ గది 21, 22 డిగ్రీల్లో ఉంటుంది. తెనాలి మేలో బయట 44. ఫ్యాను కూలర్ గదిలో ఉన్న గాలినే తీసుకుని ఊదుతుంది కాబట్టి గది వేడికంటే కిందకి ఏదీ చల్లబడదు. రివ్యూలో 65 డిగ్రీలున్న కార్డు, 36 డిగ్రీల గదిలో 80 దగ్గరికి వెళ్తుంది. కాబట్టి ముందువైపు అద్దం బిగించి లోపల ఆరు రంగుల ఫ్యాన్లు తిప్పే క్యాబినెట్ మనకి కాదు. ముందు జల్లెడలా ఉండి, దుమ్ము ఆపే వలని ఊడదీసి కడుక్కునేది కావాలి. మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె అన్నట్టు, గాలి ఆడని డబ్బాకి రంగుల దీపాలెందుకు? మావాడు ఇక్కడ చాలా బాధపడ్డాడు. నేను కరగలేదు :)

కొన్ని ఆన్‌లైన్‌లో, మిగతావి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఉన్న చెనాయ్ ట్రేడ్ సెంటర్లో కొన్నాం. లెక్క లక్షా రెండు వేలయింది. ఆ రెండు వేలూ వాడి సొంతం. అన్నిటికీ బిల్లు తీసుకున్నాం. బిల్లు లేకుండా తగ్గిస్తామన్నవాళ్ళూ ఉన్నారు. 18 శాతం జీఎస్టీ అంటే లక్ష రూపాయల్లో పదిహేను వేల పైన పన్నే, కాబట్టి ఆశ పుడుతుంది. కానీ బిల్లు లేకపోతే రేపు వారంటీ అడగడానికి మన చేతిలో కాగితం ఉండదు. కార్డు పోయినరోజున ఆ ఆదా అంతా ఒక్క దెబ్బకి పోతుంది.

ఆ తర్వాత కొన్ని నెలలకే ర్యామ్ ధరలకి రెక్కలొచ్చాయి. ఏఐ డేటా సెంటర్లకి కావాల్సిన మెమరీలో లాభం ఎక్కువ కాబట్టి తయారీదార్లు అటు మళ్ళారు. 2025 చివరికి డీడీఆర్5 ధర రెట్టింపు దాటిపోయింది. డిసెంబర్లో మైక్రాన్ అయితే మామూలు జనానికి క్రూషియల్ పేరుతో అమ్మే వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. మేం 32 జీబీ ముందే కొనుక్కోవడం అదృష్టమే తప్ప ముందుచూపు కాదు. ఆటలాడుకునే కుర్రాడి ర్యామ్ ధరని ఎక్కడో కట్టే డేటా సెంటర్ నిర్ణయిస్తోంది. అందులో నడిచే సాఫ్ట్‌వేర్‌ని మాలాంటివాళ్ళమే రాస్తున్నాం. ఏఐ చదువుకని అబద్ధం చెప్పబోయినవాడికి ఏఐ వల్లే ర్యామ్ పిరమైంది, చూశారా విచిత్రం!

ధరలు ఇలా ఊగుతున్నప్పుడు ఎవరైనా నన్ను అడిగితే చెప్పేది ఇదీ. మీ దగ్గర డీడీఆర్4 ఉన్న పాత ఏఎం4 మెషీన్ ఉంటే దాన్ని పారెయ్యకండి. కార్డు, పవర్ సప్లై మార్చి చూడండి. లేనివాళ్ళు 32 బదులు 16తో మొదలుపెట్టండి, కానీ రెండు 8లుగా తీసుకోండి. ఒక్క 16 కర్ర పెడితే మెమరీ దారుల్లో ఒకటి ఖాళీగా పడుంటుంది. అన్నిటికంటే ముందు, డబ్బిచ్చేవాళ్ళకి కారణం చెప్పండి. వాళ్ళకి కంప్యూటర్లు తెలియకపోవచ్చు. కానీ మీరు చెప్పేది కారణమో సాకో వాళ్ళకి ఇట్టే తెలుస్తుంది.

బాబాయ్ ఇప్పటిదాకా దాంట్లో ఒక్క ఆటా ఆడలేదు. ఎప్పుడైనా ఆ గదిలోకి వెళ్తే మాత్రం క్యాబినెట్ వెనక అరచెయ్యి పెట్టి, గాలి ఎంత వేడిగా వస్తోందో చూసి, తల ఊపి వచ్చేస్తాడట.